పన్నెండో భాగం

“దొంగ లింకా? తీసెయ్యబ్బా. ఆ ఫోను నాకు సూపియ్యొద్దు” అన్నాడు చెంగల్రాయుడు, పామును చూసినట్టు కుర్చీ వెనక్కి జరుపుకుని.

హరినాథ్‌కు నవ్వాగలేదు. తను ఆయన ఇంటి మేడ మీద అద్దెకు దిగి రెండు నెలలైంది. హెల్మెట్ లేకుండా తిరుపతంతా స్కూటరు మీద తిరిగే మనిషి, మున్సిపాలిటీ కుళాయికి మోటారు బిగించుకున్న మనిషి, పాత కౌబాయ్ సీరియల్ దగ్గరికొచ్చేసరికి హరిశ్చంద్రుడికి అన్న అయిపోయాడు. గేటు మీద ‘చెంగల్రాయుడు, బి.ఎ., రిటైర్డ్’ అని బోర్డు. దేన్నుంచి రిటైరయ్యాడో రాయడానికి పెయింటరుకు చోటు చాలినట్టు లేదు.

“ఒక్క భాగానికి ఇంత చట్టం అవసరమా సార్?”

“అవసరమే. పన్నెండో భాగం రాజారత్నానికి సూపియ్యాల. ఆయప్పకు వచ్చే సోమవారం గుండె ఆపరేషను. డాక్టర్లు గట్టిగా ఏమీ సెప్పలేదంట.”

ముప్పై ఐదేళ్ల కిందట రాజారత్నానికి తిరుచానూరులో వీడియో సెంటర్ ఉండేది. ఇంగ్లీషు సీరియల్ ఆడుతుంటే ఆయన టీవీ పక్కన నిలబడి కౌబాయ్‌లందరికీ చిత్తూరు మాటలు అరువిచ్చేవాడు. హీరో గుర్రం దిగి “యాడికిరా పరిగెత్తేది?” అంటే జనం ఈలలు వేసేవారు. మద్రాసు నుంచి పన్నెండో భాగం క్యాసెట్టు వచ్చిన రోజు హౌస్‌ఫుల్. హీరో, విలనూ నడివీధిలో ఎదురెదురుగా నిలబడి తుపాకుల మీద చేతులు వేశారు. సరిగ్గా అప్పుడే పోలీసులు వచ్చిపడి, దొంగ క్యాసెట్టని టీవీ ఆపేశారు. సెంటరుకు తాళం పడింది. ఎవరు చచ్చారో ఇప్పటికీ రాజారత్నానికి తెలియదు.

“దొంగ క్యాసెట్టుతోనే ఆయప్ప బతుకు సెడింది. మళ్లా దొంగదే ఎత్తుకొని ఏం మొగం పెట్టుకొని పోయేది?” అన్నాడు చెంగల్రాయుడు.

స్నేహమంటే ఇదీ అనుకున్నాడు హరినాథ్. మనసు కరిగిపోయి, శ్రీ సిటీలో ఫ్యాక్టరీ డ్యూటీకి బస్సులో పోతూ వస్తూ వారమంతా వెతికాడు. మొదటి యాప్‌లో సీరియల్ ఉంది గానీ మన దేశానికి లేదంది. రెండోదాంట్లో పోస్టరు ఉంది, సీరియల్ లేదు. మూడోది చందా కట్టించుకుని, పదకొండు భాగాలు చూపించి చేతులు దులుపుకుంది.

“మనం అమెరికాలో ఉన్నట్టు యాప్‌ను నమ్మించొచ్చు సార్.”

“తిరపతిలో కూసోని అమెరికా అనేదా? వద్దు.”

చివరికి హరినాథ్ హక్కులున్న కంపెనీకే మెయిల్ పెట్టాడు. శనివారం జవాబొచ్చింది. మా సొంత ఛానల్లో అన్ని భాగాలూ ఉచితంగానే పెట్టాం, ప్రకటనలు మాత్రం ఓర్చుకోండి అని. వారం రోజుల పరిశోధనకు దక్కిన ఫలం, ఎదురుగానే ఉన్నదాన్ని అడిగి తెలుసుకోవడం.

చెంగల్రాయుడు కళ్లజోడు తుడుచుకుని కంపెనీ పేరు, గుర్తు, జవాబు మూడేసిసార్లు సరిచూశాడు. “ఇది సక్రమంగా ఉండాది” అన్నాడు.

“ఎవరు గెలిచారో చూసేద్దామా సార్?”

“ముందు ఆయప్ప సూడాల.”

ఆదివారం ఇద్దరూ తిరుచానూరు పోయారు, యథాప్రకారం హెల్మెట్లు లేకుండా. రాజారత్నం ఇంటి ముందు చెంగల్రాయుడు స్కూటరు ఆపాడు గానీ దిగలేదు. లోపలి నుంచి దగ్గు వినిపిస్తోంది.

“నువ్వు పోయి సూపీ. కొస దాకా సూపియ్యాల, మధ్యలో ఆపొద్దు. ఎవురు పంపినారంటే సెప్పొద్దు.”

“మీరు రారా? మీ స్నేహితుడు కదా సార్?”

“స్నేహితుడని నేనెప్పుడన్నానబ్బా?” చెంగల్రాయుడు తల దించుకున్నాడు.

“ఆ పొద్దు టీవీ ఆపిన ఎస్సైని నేనే.”