పెద్దిరాజు మతిమరుపు

ఆటో రెండు సందులు దాటిందో లేదో, పుష్పరాణి మళ్లీ ఆపమంది.

గ్యాస్ కట్టేసిందో లేదో చూసి రావాలి. ఇది మూడోసారి. ఆటో డ్రైవరు బెంగాలీలో ఏదో గొణిగాడు. పక్కనున్న తండ్రి పెద్దిరాజు మాత్రం విసుక్కోలేదు.

"ఎల్లి సూసిరా అమ్మా. మేం ఈడే ఉంటాం" అన్నాడు.

హుగ్లీ నది మీంచి వచ్చిన మంచు గార్డెన్ రీచ్ సందుల్లో ఇంకా తేలుతూనే ఉంది. ఓడ కూత ఒకటి నిద్రలో విన్నట్టు వినపడింది. మంచులో నడుస్తుంటే పుష్పరాణికి తన కాళ్లు తనవి కానట్టే ఉంది. తాళం తీసింది. స్టవ్ చూసింది, వంగి సిలిండర్ చూసింది. అన్నీ కట్టే ఉన్నాయి. తాళం వేసి మూడుసార్లు లాగింది. సందు చివరికొచ్చేసరికి కళ్ల ముందు మళ్లీ స్టవ్ నీలం మంట మెల్లగా వెలిగింది. అయినా పళ్లు బిగబట్టి వచ్చి ఆటో ఎక్కింది. నాన్న మతి తిన్నగా ఉంటే తనకీ తిప్పలెందుకు?

అవును మరి, కార్పొరేషన్‌లో ముప్ఫై ఏళ్లు పనిచేసి, ఏ కాలవ ఎక్కడ మలుపు తిరుగుతుందో కళ్లు మూసుకుని చెప్పగలిగిన మనిషి! చలికాలం మొదట్లో కాళీపూజ వెళ్లిన మర్నాటి నుంచి ఏమైందో ఏమో. ఆరేళ్ల కిందట పోయిన పెళ్లాం పేరుతో కూతుర్ని 'అప్పాయమ్మా' అని పిలవడం మొదలుపెట్టాడు. తిన్న అరగంటకే అన్నం పెట్టమన్నాడు. పోయిన వారమైతే ఆమె మొహంలోకి తేరిపార చూసి, "ఎవరమ్మా నువ్వు?" అన్నాడు. ఆ రోజంతా పుష్పరాణి ఏడుస్తూనే ఉంది. ఆమెకంటూ ఈ లోకంలో ఉన్నది ఆయనొక్కడే. ఆయన కూడా మర్చిపోతే ఇక ఆమె ఎవరికి గుర్తుంటుంది?

నిజం చెప్పాలంటే, మనసు డాక్టరంటే వాళ్ల పేటలో ఎవరూ ఆ గుమ్మం తొక్కరు. పుష్పరాణి అసలు ఇల్లు కదలడమే మానేసింది. కానీ కన్నతండ్రి విషయం. పైగా ఇప్పుడు వెళ్తున్న ఆసుపత్రిలో మన తెలుగు డాక్టరమ్మ ఉందని ఎక్కడో విని వచ్చి చెప్పింది కూడా ఆయనే.

ఆ డాక్టరమ్మ పేరు మౌక్తిక, హైదరాబాద్ పిల్ల. ఆసుపత్రిలో నంబరు పిలిస్తే ఇద్దరూ లోపలికెళ్లారు. ఆమె ముందు పెద్దిరాజుతో మాట్లాడింది.

"తాతగారూ, ఈరోజు ఏ వారం?"

"ఆదోరం."

ఆ రోజు గురువారం, వాళ్ల మాటలో లచ్చివారం.

"మనం ఏ ఊళ్లో ఉన్నాం?"

"ఇజీనారం కదేటి?"

మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంది. కాసేపాగి అడిగితే ఆయన మూడూ మర్చిపోయానన్నాడు. పుష్పరాణి కళ్లు చెమర్చాయి. మౌక్తిక మాత్రం ఏమీ రాసుకోలేదు. కుర్చీ పుష్పరాణి వైపు తిప్పి, ఇంటి సంగతులు అడిగింది. పెద్దాయన్ని చూసుకుంటూ ఎలా నెగ్గుకొస్తున్నారంది.

అంత మెత్తగా అడిగితే ఎవరికి మాత్రం నోరు పెగలదు? మెటియాబ్రుజ్ దర్జీ కార్ఖానాలో కాజాలు కుట్టే పని వానాకాలంలోనే మానేశానని చెప్పింది. ఇల్లు వదిలి ఎలా వెళ్తాను, వెనకాల గ్యాస్ ఎవరు చూస్తారు అంది.

"నాన్నగారు స్టవ్ ముట్టుకుంటారా?"

"లేదమ్మా. టీ కూడా నేనే పెడతాను."

"మరి ఎందుకు చూడటం?"

"ఏటో, ముట్టుకుంటే?"

"రోజుకి ఎన్నిసార్లు చూస్తారు?"

లెక్క లేదంది. పెద్దిరాజు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

"చూసొచ్చాక మనసు ఎంతసేపు కుదుటగా ఉంటుంది?"

పుష్పరాణి ఆలోచించింది. ఇన్నాళ్లలో ఈ మాట ఎవరూ అడగలేదు. "తలుపు దాకా" అంది.

"చూడకపోతే ఏమవుతుంది?"

"ఇల్లు కాలిపోద్దమ్మా. నాన్న లోపలుంటాడు."

ఆ మాట అనేశాక గదంతా మంచులోకి జరిగిపోయినట్టయింది. భయమూ లేదు, బరువూ లేదు. డాక్టరమ్మ గొంతు ఎక్కడో ఒడ్డు మీంచి వస్తున్నట్టుంది. ఇది పిచ్చి కాదట. దీనికో పేరుంది, వైద్యముందట. రోజూ ఒక మాత్ర, వారానికోసారి ఇక్కడికొచ్చి మాటలు, కొంచెం కొంచెంగా కొత్త అలవాట్లు. నెలలు పట్టినా తప్పకుండా తగ్గుతుందట. ఎంత చల్లని మాట! పుష్పరాణి చేతులు జోడించింది.

"తగ్గాక నన్ను గుర్తుపడతాడా డాక్టరమ్మా?"

మౌక్తిక పెద్దిరాజు వైపు చూసింది. ఆయన లేచి, జారిపోయిన శాలువా తీసి కూతురి భుజాల చుట్టూ కప్పాడు.

"ఈయేళ లచ్చివారం. మళ్లీ లచ్చివారానికి కూడా నేనే తీసుకొత్తాను" అన్నాడు. "నామీద కోప్పడకు రాణీ."

రాణీ! ఆ పిలుపు విని ఎన్నాళ్లయింది! తల ఎత్తి చూస్తే ఆయన కళ్ల నిండా నీళ్లు.

మౌక్తిక మందుల చీటీ రాసి ఆమె ముందు పెట్టింది. పైనుంచి నెమ్మదిగా చదవమంది. చదివాక ఎంతసేపైనా మాట్లాడుకుందామంది.

పుష్పరాణి మొదటి వరస దగ్గర వేలు పెట్టింది.

పేషెంటు పేరు: పుష్పరాణి.