పేదరికం ఖరీదు ఇరవై సబ్బులు

బావమరిది అప్పుచేసి పంపిన రెండు వందలే జైలు ఖాతాలో నా ఆస్తి. మా బ్యారక్ కొళాయి ఎండి నెలయింది. నీళ్లిప్పించమని కోర్టుకు పిటిషన్ రాశాను. ఫీజు ఐదు వందలట.

"పేదవాళ్లకు మాఫీ ఉంది కదా సార్?" అని జైలు గుమాస్తాను అడిగాను.

"ఖాతాలో సున్నా ఉంటేనే. నువ్వు డబ్బున్నోడివి, షావుకారూ."

"ఫీజుకు చాలని డబ్బున్నోణ్ణా?"

"బేరాలాడకు. జైలు కొట్లో ఖర్చుపెట్టెయ్. చిటికెలో పేదోడివైపోతావు."

కొట్లో సబ్బులు తప్ప ఏమీ లేవు. ఉన్నదంతా పెట్టి ఇరవై కొన్నాను. గుమాస్తా 'నిరుపేద' అని ముద్ర వేసి పిటిషన్ పంపాడు.

మూటతో వస్తుంటే పక్క మంచం ముసలాయన నవ్వాడు. "చుక్క నీళ్లు లేవు, ఇన్ని సబ్బులెందుకురా?"

"నీళ్ల కోసమే, బాబాయ్."

విచారణ మూడు నెలల తర్వాతట. అందాకా రెండు వందల పెట్టుబడికి నాకు మిగిలింది ఇరవై సబ్బులు, సర్కారు ముద్ర వేసిన పేదరికం.