గవ్వా అనే పిలుపు

చనిపోయినవాళ్ల గొంతులు బస్సుల్లో, బ్యాంకుల్లో దారి చెప్పడం మామూలైపోయిన రోజులవి. విశాఖ తీరాన మ్యూజియంగా మార్చిన పాత అణు జలాంతర్గామికీ ఒక గొంతు కావాలన్నారు. అందులో పదకొండేళ్లు రియాక్టరు చూసుకున్న పైడిరాజు, నెలల తరబడి నీళ్లకింద ఉన్నప్పుడు భార్య కోసం మాటలు రికార్డు చేసుకునేవాడు. అతను పోయాక, ఆ భార్య నూకరత్నం వాటిని మ్యూజియానికి ఇచ్చింది.

"ఓడ సంగతులే తీసుకుంటామమ్మా, మీ సొంత మాటలు ముట్టుకోం" అని క్యూరేటరు మాటిచ్చాడు.

మ్యూజియం తెరిచిన వారానికి ఆమె చూడ్డానికి వెళ్లింది. ఇరుకు ద్వారం దగ్గర ముందున్న కాలేజీ పిల్లతో పైడిరాజు గొంతు, "తల వంచు గవ్వా, తగిలీగల్దు" అంది. ఆ వెనకున్న పెద్దాయన్నీ గవ్వా అనే పిలిచింది. పైడిరాజు నూకరత్నానికి పెట్టుకున్న ఆ ముద్దుపేరు వాళ్లిద్దరికి తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. ఆమె వంతు వచ్చింది. "రా గవ్వా" అంది గొంతు. అదే మురిపెం; పిసరంత ఎక్కువా లేదు, తక్కువా లేదు.

"ఆ మాట తీసీండి బాబూ, అది నాది" అంది క్యూరేటరుతో.

"జనానికి అదే నచ్చుతోందమ్మా" అన్నాడతను, కళ్లెత్తకుండా.

ఇంటికొచ్చి అసలు రికార్డింగు పెట్టింది. "గవ్వా, ఇన్నావేటి?" అన్నాడు పైడిరాజు. అతను పోయాక కూడా ఆ పిలుపుకి ఊఁ కొడుతూ వచ్చిన మనిషి, ఆ రోజు పలకలేదు.