బకెట్ నీళ్లు

మా ఎదురిల్లు మా అమ్మాయీ అల్లుడుగారూ కొన్నారు. ఉండటానికి కాదు, బాగుచేసి రెట్టింపుకి అమ్మడానికి. నలభై ఏళ్లు తాపీ పని చేసిన నన్ను అడిగితే నామోషీ కదా, ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నారు. బాత్రూంలో టైల్స్ అద్దంలా పరిచారు. వాలు మాత్రం హాల్లోకి పెట్టారు. ఒకరు స్నానం చేస్తే సోఫాకి కూడా స్నానమే.

బేరానికి ఏడుగురు వచ్చారు. ఏడుగురూ వచ్చిన దారినే పోయారు.

నిన్న సాయంత్రం అమ్మాయి వచ్చి నా పక్కన మెట్ల మీద కూలబడింది.

"ఇక అమ్ముడుపోదు నాన్నా. మేమే వచ్చి ఉంటాం. పిల్లని ఇక్కడి బళ్లోనే వేస్తాం."

"అయ్యో తల్లీ, అంత లాభం పోయిందే."

"వచ్చినవాళ్లంతా తిన్నగా బాత్రూంలోకి పోయి బకెట్ నీళ్లు కుమ్మరించారు నాన్నా. అందరికీ ఒకటే బుద్ధి ఎలా పుట్టిందో."

"జనం తెలివిమీరిపోయారమ్మా," అన్నాను.

సంతోషం పట్టలేక ఈ పొద్దున్నే తాపీ కడిగి పెట్టుకున్నాను. వాలు సరిచేయడం ఒక్క పూట పని. వచ్చినవాళ్లనల్లా వీధి మలుపులోనే ఆపి, బకెట్ నీళ్లు పోసి చూడమని చెప్పడానికే నాకు మూడు నెలలు పట్టింది.