డిస్కులో రెండో పొర

లక్ష్మీరాజం పరువు తీయడానికే ఉమాకాంత్ ఆ ఆదివారం ఒక తెర చంకన పెట్టుకుని మరీ ఆయన ఇంటికి వెళ్లాడు.

సూరత్‌లోని తెలుగు నేతకార్మికుల సంఘం కొత్త హాలు కట్టింది. దానికి మైకులు, స్పీకర్లు ఎంచే పెత్తనం ఎవరిదో ఆ రోజు తేలాలి. ఖటోదరాలో ఆడియో రిపేరు షాపు నడిపే ఉమాకాంత్, అది తనకు తప్ప ఇంకెవరికి దక్కుతుందనుకున్నాడు. సంఘం అధ్యక్షుడు సదానందం మాత్రం లక్ష్మీరాజం వైపే మొగ్గాడు. మరమగ్గాల పని మానేశాక లక్ష్మీరాజం ఇల్లంతా పాటల యంత్రాలతో నింపాడు. ఆయన చెవి మామూలు చెవి కాదని మనవాళ్లంతా చెప్పుకునేవాళ్లు.

ఉమాకాంత్‌కు ఒళ్లు మండేది అక్కడే. ముసలాయన టెక్కు అంతా ఇంతా కాదు. ఫోను ఎత్తడు. "ఫోన్ల వచ్చేది సౌండా? పిండి పిప్పి చేసిన చెత్త!" అంటాడు. పెళ్లి బ్యాండు పక్కనుంచే పోతున్నా తల తిప్పడు. ఎవరైనా దిక్కులు చూస్తూ మాట్లాడితే చాలు, "మొఖం నా దిక్కు పెట్టి మాట్లాడు. జర తమీజ్ నేర్చుకో" అని కసురుతాడు. అబ్బో, ఏం మనిషి!

అక్కడికి వచ్చిన సదానందం ఎదుటే పరీక్షిద్దామని ఉమాకాంత్ ముందు డీవీడీ-ఆడియో డిస్కు తీశాడు. లక్ష్మీరాజం మూతి విరిచాడు.

"నాది ఎస్‌ఏసీడీ ప్లేయర్. గది దీంట్ల నడువది. దుకాణం పెట్టినవ్, గంత గూడ తెల్వదా?"

"సరే కాకా, నీ డిస్కే పెడుదం."

ఆ డిస్కులో రెండు పొరలు. ఒకదాంట్లో మామూలు సీడీ శబ్దం, రెండోదాంట్లో అంతకంటే నాణ్యమైన ఎస్‌ఏసీడీ శబ్దం. బటన్ నొక్కితే మారుతుంది. ఎస్‌ఏసీడీ మీద ఉన్నప్పుడు ప్లేయర్‌కు చిన్న నీలం లైటు వెలుగుతుంది. ఉమాకాంత్ ప్లేయర్ ముందు తెర కట్టి, తాను వెనక నిలబడి తల బయటపెట్టాడు.

"ఏ పొర నడుస్తుందో చెప్పు. చెప్తే పెత్తనం నీదే. నేను మళ్ల నోరెత్త."

ఆ తేడా పట్టుకోవడం నిజానికి తన వల్లే కాలేదు. ఈ బడాయి మనిషి వల్ల ఏమవుతుంది?

లక్ష్మీరాజం దర్జాగా కుర్చీలో వాలాడు. ఆయన భార్య ఊర్మిళ చాయ్ పళ్లెంతో వంటింటి గుమ్మంలోకి వచ్చి, తెర పక్కనే ఆగింది. సదానందం కళ్లు మూసుకుని స్పీకర్లకు చెవి ఒగ్గాడు.

పాట మొదలైంది. లక్ష్మీరాజం తల ఊపాడు.

"సీడీ. థూ, తీసెయ్."

నిజమే. ఉమాకాంత్ బటన్ నొక్కాడు.

"గిదీ ఎస్‌ఏసీడీ అంటే! తీగె మీద గోరు ఆనుడు గూడ ఇనవడ్తున్నది."

అదీ నిజమే. ఉమాకాంత్ ఈసారి నొక్కకుండా ఊరుకున్నాడు.

"దొంగ ఏషాలా? ఇంక గదే నడుస్తుంది."

ఉమాకాంత్‌కు తల కొట్టేసినట్టయింది. ఎన్నిసార్లు మార్చినా ముసలాయన ఒక్కటీ తప్పలేదు. పాట పూర్తయింది. సదానందం కళ్లు తుడుచుకుంటూ, స్పీకర్ల మీది నుంచి చూపు తిప్పకుండానే, "ఇంకేంది, హాలు సౌండు లక్ష్మీరాజం అన్న చేతుల్నే పెడుతున్న" అన్నాడు.

"గట్లనే కానీ," అని ఉమాకాంత్ గొణిగాడు. లక్ష్మీరాజం పరవశంగా తల ఊపుతూనే ఉన్నాడు.

తెర విప్పుతూ పక్కకు చూసిన ఉమాకాంత్, తానూ మరమగ్గాల మోతలో పెదవులు చూసి మాటలు పోల్చుకుంటూ పెరిగినవాడే కనుక, ఊర్మిళ గొంతు బయటికి రాకుండా మొగుడికి చెబుతున్నది ముక్క పొల్లుపోకుండా చదివేశాడు: "పాట ఎప్పుడో ఆగింది, ఇగ తల ఊపుడు ఆపు."