చేతిలో ప్లగ్గు

ఆదివారం రేసు. పోయినేడు ఇదే రేసులో పిస్టన్ పట్టేసి, బండి విసిరికొట్టడంతో అమరేశ్ భుజం ఎముక విరిగింది. అందుకే ఈసారి ఆ పాత టూ స్ట్రోక్ బండికి పెట్రోలు పారే కార్బురేటర్ జెట్టు మార్చి, ట్రాక్టర్ల తాకిడి తగ్గిన చీకటివేళ మట్మారి ఊరి దారిలో పరీక్ష పెట్టాడు. భార్య సుమంగళ టార్చి పట్టుకుని దారి కింది మోరీ దగ్గర నిలబడింది.

అక్కణ్ణుంచి కిలోమీటరు దూరం పూర్తి వేగంతో లాగి, క్లచ్చి పట్టి, ఇంజను ఒక్కసారిగా ఆపేశాడు. అలా ఆపితేనే ఇంజనుకు పెట్రోలు సరిపోతోందో లేదో స్పార్కు ప్లగ్గు రంగు నిజం చెబుతుంది. బండి చప్పుడు లేకుండా కొంత దూరం జారి నిలిచింది.

ప్లగ్గు విప్పి, గుడ్డతో పట్టుకుని, ఫోను వెలుగులో చూశాడు. లేత కాఫీపొడి రంగు. సరిగ్గా కుదిరింది. హాయిగా ఊపిరి వదిలాడు.

ఫోను మోగింది. సుమంగళ.

"గిప్పుడు ఇంజను మంచిగ పాడుతున్నది. ఏం మార్చినవ్?"

"ఏం పాడుడు? బండి ఆపిన. ప్లగ్గు నా చేతులనే ఉంది."

"పరాచికాలు చాలు గని, ఫోన్ల మాట్లాడుకుంట తోలకు. నీ లైటు కనబడుతనే ఉంది."

అప్పుడు ఫోనులో వినిపించింది. మూడు వారాలుగా తను చెవి ఆనించి విన్న తన బండి ఇంజనే. మెల్లగా దగ్గరికొచ్చి, నెమ్మదించి, ఆగింది.

"సుమంగళా, దారి దిగి చేన్లకు పో!"

ఆమె వినలేదు. గుడ్డలోంచి ప్లగ్గు వేడి అతని అరచేతికి ఇంకా తగులుతూనే ఉంది. అవతల సుమంగళ మామూలుగా ఎవరినో అడుగుతోంది.

"ఏ రంగొచ్చింది? చూపియ్యి."