కింది దవడ

కిటికీ అద్దానికి ముఖం ఆనించి ఎవరో తననే చూస్తున్నారు.

పళ్ళమ్మాయి ఉలిక్కిపడింది. "బాబాయ్!" అని కేకేసింది.

వాచ్‌మన్ వచ్చేసరికి కిటికీ దగ్గర ఎవరూ లేరు.

"ముఖానికి మఫ్లర్ చుట్టుకున్నాడు బాబాయ్. నా నోటివంకే చూస్తున్నాడు."

"ఈ ఎలుక పళ్ళ కోసం ఏ దొంగొస్తాడే పళ్ళమ్మాయ్? వాటికంటే మీ పిన్ని కట్టుడు పళ్ళు నయం!"

మ్యూజియం వెనక గదిలో ఆమె ఒక్కతే పని చేస్తుంది. కోట్ల ఏళ్ళనాటి మట్టిని జల్లించి, ఆవగింజంత పళ్ళు ఏరాలి. అందుకే ఆమె పళ్ళమ్మాయి. బ్రష్షు కొనను నాలికతో తడిపి అద్దితే పన్ను అంటుకుని వస్తుంది. ఆ కిటుకు డైరెక్టరుగారే నేర్పారు.

"ఎలుక కాదు. ఎలుకకీ మనకీ కూడా ముత్తాత" అంది, భయాన్ని మాటల్లో దాచుకుంటూ. "బల్లి పళ్ళన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. పట్టడం, మింగడం, అంతే. ఇది అలా కాదు. ముందు పళ్ళతో కొరికి, కోరలతో పొడిచి, వెనక పళ్ళతో నమిలేది. పై పన్ను మొన వచ్చి కింది పన్ను గుంటలో పడుతుంది, రోట్లో రోకలి పడ్డట్టు. పురుగు పెంకయినా, గింజయినా పిండి కావాల్సిందే. పై పళ్ళు దొరికాయి. కింది దవడ కోసమే ఈ పాట్లు."

"అయితే మా తాతే! ఆయన నోరూ ఒక్క క్షణం ఖాళీగా ఉండేది కాదు" అంటూ వాచ్‌మన్ గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఆమె వరండాలో చేతులు కడుక్కుని తలెత్తింది.

ఎదురుగా అతను.

వేలు నోటి దగ్గర పెట్టుకున్నాడు. వద్దన్నట్టు చెయ్యి గట్టిగా ఊపాడు.

అరిస్తే చంపేస్తానంటున్నాడు!

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. గదిలోకి పరుగెత్తి తలుపు వేసుకుంది. పనిలో పడితే భయం పోతుందనుకుంది. బ్రష్షు అందుకుంది. కొనను నాలికకు తాకించింది.

తలుపు ధడేలున బద్దలైంది.

అతను ఒక్క ఉదుటున వచ్చి బ్రష్షు లాక్కున్నాడు. విరిచి పారేశాడు. ట్రే ఎగిరి, పళ్ళు నేలంతా చెల్లాచెదురయ్యాయి. అతని గొంతులోంచి మాట రాలేదు. ఏదో గురగుర.

"బాబాయ్! చంపేస్తున్నాడు!"

వాచ్‌మన్ వెనకనుంచి పట్టి లాగాడు. మఫ్లర్ జారింది.

పై పెదవి ఉంది. దాని కింద ఏమీ లేదు. గడ్డం ఉండాల్సిన చోట కుట్లు వేసిన చర్మం గొంతులోకి ముడుచుకుపోయి ఉంది.

ఆమె కళ్ళు మూసుకుంది.

పోలీసులు వచ్చి జీపు ఎక్కిస్తున్నా అతను ఆమెవంకే చూస్తూ, వేలు నోటికి తాకించి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. జీపు మలుపు తిరిగి కనుమరుగైంది.

డైరెక్టరు హడావిడిగా వచ్చాడు. జేబులోంచి దళసరి గ్లౌజులు తీసి తొడుక్కుని, అప్పుడు వంగి నేలమీది పళ్ళు ఏరడం మొదలుపెట్టాడు.

"గ్లౌజులెందుకు సార్? నాకెప్పుడూ ఇవ్వలేదే?"

డైరెక్టరు ఇంకో పన్ను ఏరి ట్రేలో వేశాడు.

"అతనికి దవడ లేదు సార్."

"ఆస్పత్రి నుంచి ఇంత త్వరగా వదిలేస్తారనుకోలేదు" అని గొణిగాడు డైరెక్టరు.

ఆమె విరిగిన బ్రష్షువంక చూసింది. ఉత్త చేతులతో ముట్టుకోకూడని విషపు మట్టిని ఇన్ని నెలలుగా నాలికకు రాసుకుంటోంది తను.

"ఎవరు సార్ అతను?"

"నీకంటే ముందు" అన్నాడు డైరెక్టరు తలెత్తకుండా, "ఈ కుర్చీలో కూర్చుని పళ్ళు ఏరినవాడు."